1151 అంటే సరిపోదు: మదర్‌బోర్డు వెతుకులాటలో నా అనుభవం

మా డీటీపీ షాపు సిస్టమ్‌లో పోయింది మదర్‌బోర్డు ఒక్కటే. ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) మార్చి చూశాం, ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచి పెట్టాం. ఫ్యాన్ అరక్షణం తిరిగి ఆగిపోతోంది. మెకానిక్ మా ఐ3-8100 ప్రాసెసర్‌ని (ఇంటెల్ ఎనిమిదో తరం) వేరే సిస్టమ్‌లో పెడితే భేషుగ్గా నడిచింది. బాగున్న ప్రాసెసర్నీ, డీడీఆర్4 ర్యామ్‌నీ పక్కన పడేసి కొత్త సిస్టమ్ కొనడానికి మనసొప్పలేదు.

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఓ షాపులో అబ్బాయి హెచ్110 బోర్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీదీ 1151 సాకెట్టే, ఇదీ 1151. ఏటవుద్ది సార్, సుబ్బరంగా కూర్చుంటాది."

సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు, 1151 అందులోని పిన్నుల లెక్క. కూర్చోవడం వరకూ నిజమే. ఆన్ మాత్రం కాదు. ఇంటెల్ ఆరు, ఏడు తరాల ప్రాసెసర్లకి 100, 200 సిరీస్ చిప్‌సెట్లు (ప్రాసెసర్‌ని మిగతా భాగాలతో కలిపే, బోర్డు మీది చిప్పులు) ఇచ్చింది. హెచ్110 ఆ 100 సిరీస్‌దే. 2017లో ఎనిమిదో తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు తెచ్చినప్పుడు పిన్నుల లెక్క అలాగే ఉంచి, కొన్ని పిన్నుల పని మార్చేసి, 300 సిరీస్ బోర్డు ఉండాల్సిందే అంది. సాకెట్ పేరైనా మార్చి ఉంటే కొనేవాళ్లకి ఈ తిప్పలు ఉండేవి కావు.

300 సిరీస్‌లోని హెచ్310 అడిగితే విశాఖ నుంచి తెప్పించారు. మైక్రో ఏటీఎక్స్ సైజు కాబట్టి మా క్యాబినెట్‌లో పడుతుంది. మా పాత మానిటర్‌కి వీజీఏ ఒక్కటే ఉంది, బోర్డుకీ ఆ పోర్టు ఉంది. తయారీ కంపెనీ సైట్‌లో ఆ మోడల్ సీపీయూ సపోర్ట్ లిస్టు తెరిచి, 8100 పేరు చూశాకే ముందుకెళ్లాను. తొమ్మిదో తరం ప్రాసెసర్ అయితే బయోస్ (ఆన్ చేయగానే సిస్టమ్‌ని లేపే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయిందో లేదో కూడా అడగాలి. మాకు ఆ గొడవ లేదు.

ఈ సాకెట్‌లో పిన్నులు ప్రాసెసర్‌కి ఉండవు, బోర్డుకే ఉంటాయి. అందుకే డబ్బులిచ్చే ముందు ప్లాస్టిక్ మూత తీయించి, ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూశాను. వరసలన్నీ ఒకే తీరుగా మెరవాలి. ఒక చుక్క మెరుపు పక్కకి తప్పిందంటే అక్కడ పిన్ను వంగినట్టే. మొదట తీసిన హెచ్310 బోర్డు మూలన సరిగ్గా అలాగే ఉంది. వద్దన్నాను. అబ్బాయి మొహం మాడ్చుకున్నా ఇంకోటి తీశాడు.

బిగించడం మెకానిక్ పని, ప్రాసెసర్ మీద వేడి లాగే పాత పేస్టు తుడిచి కొత్తది రాసి చకచకా కానిచ్చేశాడు. బోర్డు మారేసరికి విండోస్ యాక్టివేషన్ పోయింది. లైసెన్సు ముందే మైక్రోసాఫ్ట్ ఖాతాకి కలిపి ఉండటంతో, ట్రబుల్‌షూటర్‌లో హార్డ్‌వేర్ మార్చానని చెబితే తిరిగి వచ్చేసింది. పేజ్‌మేకర్ ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.