పొలాల నడుమ మిగిలిన దీవి

నెదర్లాండ్స్‌లో కాంపెన్ పట్టణం నుంచి ఎన్స్ మీదుగా మిడ్డెల్‌బూర్ట్‌కు వెళ్ళే దారిలో ఇరువైపులా బంగాళాదుంప, ఉల్లి చేలే కనిపిస్తాయి. గీత గీసినట్టు తిన్నగా సాగిన ఆ చేలు ఒకచోట చెట్ల వరుస దగ్గర ఆగుతాయి. అక్కడ నేల కాస్త పైకి లేస్తుంది, దాని మీద ఒక చిన్న ఇటుక చర్చి, కొన్ని చెక్క ఇళ్ళు ఉంటాయి. ఊరంతా అంతే. జూన్‌లో మాచర్ల నుంచి మా దగ్గరికి వచ్చిన అమ్మను అక్కడికి తీసుకువెళ్ళి, “అమ్మా, ఇది ఒకప్పుడు దీవి” అన్నాను. అమ్మ చుట్టూ చూసి, “మరి సముద్రమేదిరా?” అంది.

ఈ దీవి పేరు స్ఖోక్లాండ్. మధ్యయుగాల్లో ఇక్కడ మెత్తటి పీట్ నేల, అంటే సగం కుళ్ళిన మొక్కలు పేరుకుని ఏర్పడిన నేల, విశాలంగా ఉండేది. జోయ్‌డర్‌జే అనే సముద్రఖాతం దానిని అంచుల నుంచి కోసుకుంటూ రాగా, చివరికి ఉత్తర దక్షిణాలుగా సన్నటి పట్టీ ఒకటి మిగిలింది. జనం మట్టిదిబ్బలు పోసుకుని వాటి మీదే కాపురముండేవారు, చేపల వేటతో బతికేవారు. ఉత్తరాన ఎమ్మెలోర్డ్‌లో కాథలిక్కులు, దక్షిణాన మిడ్డెల్‌బూర్ట్ వైపు ప్రొటెస్టెంట్లు ఉండేవారు. 1825 ఫిబ్రవరి తుఫాను దీవిని ముంచెత్తి పాత చర్చిని దెబ్బతీసింది. ఇప్పుడు కనిపించేది 1834లో కట్టినది. ఆ తరువాత కూడా పేదరికం తగ్గలేదు, సముద్రం వెనక్కి తగ్గలేదు. 1859లో, మూడవ విల్లెం రాజు కాలంలో, దీవిని ఖాళీ చేయవలసిందిగా ఆజ్ఞ వచ్చింది. సుమారు 650 మంది పరిహారం తీసుకుని కాంపెన్, వోలెన్‌హోవె, వోలెన్‌డామ్ వంటి ఊళ్ళకు వెళ్ళిపోయారు. వారి ఇళ్ళను కూల్చివేశారు.

మిడ్డెల్‌బూర్ట్ దిబ్బ చుట్టూ నిలువుగా పాతిన దుంగల గోడ ఉంది. నేను ఒక దుంగ మీద చేయి వేసి చూశాను. ఎండకు నెర్రెలు విచ్చిన ఆ కర్ర నెర్రెల్లో నాచు పట్టి ఉంది; దాని మొదట్లో, అలలు కొట్టవలసిన చోట, గడ్డి మోకాలెత్తు పెరిగింది. దీవి చరిత్ర చెప్పే మ్యూజియం ఇక్కడే ఉంది. అందులోని పటాలకన్నా, వస్తువులకన్నా నాకు ఈ దుంగల గోడే ఎక్కువ చెప్పింది.

అక్కడి నుంచి ఎమ్మెలోర్డ్‌కు వెళ్ళే దారిలో ఎడమా కుడీ చేలే. పాత రేవులో పడవలు కట్టే చెక్క గట్లు అలాగే ఉన్నాయి, పక్కన దీపస్తంభం కాపలాదారు ఇల్లు ఉంది. ఊరు ఖాళీ అయిన తరువాత కూడా తుఫానులో చిక్కుకున్న పడవలు ఈ రేవులో తలదాచుకునేవి. ఇప్పుడు రేవు నోటికి ఎదురుగా ఉన్నది సాగునేల.

ఆ నేల ఎలా వచ్చిందో అమ్మకు అక్కడే కూర్చుని చెప్పాను. కోర్నెలిస్ లేలీ అనే ఇంజనీరు వేసిన పథకం ప్రకారం 1932లో 32 కిలోమీటర్ల కట్టతో జోయ్‌డర్‌జే ముఖద్వారాన్ని మూసేయగా, అది ఐసెల్‌మేర్ అనే మంచినీటి సరస్సు అయింది. తరువాత అందులో ఒక భాగం చుట్టూ మళ్ళీ కట్టలు వేసి, మూడు పంపింగ్ కేంద్రాలతో నీటిని తోడి పోశారు. 1942లో సుమారు 48 వేల హెక్టార్ల నేల బయటపడింది. సముద్రమట్టానికి కొన్ని మీటర్ల దిగువనున్న ఆ నేల మధ్య స్ఖోక్లాండ్ గుట్టలా నిలిచింది.

అమ్మ అంతా విని, “వెళ్ళగొట్టినవాళ్ళకు ఆ పొలాలేమైనా ఇచ్చారా?” అని అడిగింది. అలా అడుగుతుందని నేను ఊహించలేదు గాని, ఆమె అడగవలసిన ప్రశ్నే అది. నాగార్జునసాగర్ నీళ్ళ కింద ఊళ్ళు పోయిన ప్రాంతం ఆమెది. కొండగా ఉన్న నాగార్జునకొండ దీవిగా మారిన తరువాత లాంచీలో వెళ్ళి చూసిన మనిషి. ఇవ్వలేదని చెప్పాను. దీవి ఖాళీ అయిన 83 ఏళ్ళకు నేల తేలింది. దేశం నలుమూలల నుంచి ప్రభుత్వం ఎంపిక చేసిన రైతులకు దానిని కేటాయించారు. దీవివాసుల వారసులు మాత్రం సంఘంగా ఏర్పడి తమ పూర్వీకుల జ్ఞాపకాలను కాపాడుకుంటున్నారు. అమ్మ మరి మాట్లాడలేదు.

1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన మొదటి డచ్చి స్థలం ఇదే. అయితే చుట్టూ నీటిని తోడేయడం వల్ల అడుగునున్న పీట్ ఎండి కుంగిపోతోంది; ఎండిన కొద్దీ అందులో ఇన్ని శతాబ్దాలుగా చెడకుండా ఉన్న కర్ర, ఎముక, పాత నివాసాల ఆనవాళ్ళు కుళ్ళిపోతాయి. అందుకని దీవికి తూర్పున కొంత మేర సాగు మాన్పించి, భూగర్భజల మట్టాన్ని కావాలని పెంచారు. ఏ నీటి భయంతో మనుషులను పంపించివేశారో ఆ నీరే ఇప్పుడు ఈ దిబ్బలకు ఆధారం. ఆ తడి బీళ్ళలో నీటిపక్షులు తిరుగుతూ కనిపించాయి.

దక్షిణపు కొసన మధ్యయుగపు చర్చి పునాదులు ఉన్నాయి, దగ్గరలో మంచుయుగంలో హిమానీనదాలు స్కాండినేవియా నుంచి మోసుకొచ్చిన బండరాళ్ళ తోట ఉంది. రెండింటినీ కలిపి గంటలో చూడవచ్చు.

సాయంత్రం ఉర్క్‌కు వెళ్ళాం. అదీ దీవే; 1939లో కట్ట వచ్చి నేలకు కలిసింది, కాని జనం ఊరు విడువలేదు, వేటా మానలేదు. వారి పడవలు ఇప్పుడు ఉత్తర సముద్రంలో వేటాడుతున్నాయి. నీటి ఒడ్డున, సముద్రంలో పోయినవారి పేర్లు చెక్కిన స్మారకం దగ్గర ఒక స్త్రీ విగ్రహం ఉంది. ఆమె వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ వెనుదిరిగి నీటివైపు చూస్తుంటుంది, గాలికి ఆమె బట్టలు ఎగురుతుంటాయి. అమ్మ ఆ విగ్రహం పక్కనే, అటే చూస్తూ, చీకటిపడేవరకు నిలబడింది.