మావోరీల అర్జీ చివరికి ఎవరి బల్ల మీదికి చేరేది?

న్యూజిలాండ్ వలస పాలన గురించి మాట్లాడేటప్పుడు అక్కడి మూలవాసులైన మావోరీల మొర ఎవరూ వినలేదని అనేయడం మామూలే. నాటి దస్త్రాలు తిరగేస్తే అది సగం నిజమే అనిపిస్తుంది. వాళ్ళు పార్లమెంటుకు పెట్టిన అర్జీలకు నంబర్లు వేశారు, ఇంగ్లీషులోకి అనువదించారు, కమిటీకి పంపారు, కొన్నింటిని ప్రభుత్వ ఖర్చుతో ముద్రించారు కూడా. అయినా భూమి పోయింది. లోపం కాగితం నడిచే దారిలో ఉంది. ఫిర్యాదు ఎవరి మీదో, తిరిగి తిరిగి అది వాళ్ళ బల్ల మీదికే చేరేది.

అర్జీ తప్ప వేరే దారి లేకపోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది ఓటు. బ్రిటిష్ రాణి తరఫువాళ్ళకూ మావోరీ పెద్దలకూ మధ్య 1840లో కుదిరిన వైటాంగి ఒప్పందం మూడో అధికరణం మావోరీలకు బ్రిటిష్ ప్రజలతో సమానమైన హక్కులు ఇస్తామంది. 1852 రాజ్యాంగ చట్టం మాత్రం ఓటును వ్యక్తి పేరున ఉన్న ఆస్తితో ముడిపెట్టింది. మావోరీల భూమి వంశాల ఉమ్మడి సొత్తు, ఒక్కరి పేరున ఉండదు. దాంతో ఎక్కువమంది ఓటరు జాబితా బయటే ఉండిపోయారు. 1867లో వాళ్ళకు విడిగా నాలుగు సీట్లు ఇచ్చారు. దాదాపు 50 వేల మంది మావోరీలకు 4, సుమారు రెండున్నర లక్షల మంది యూరోపియన్లకు 72. జనాభా లెక్కన చూస్తే పద్నాలుగైనా రావాలి. ఐదేళ్ళకని పెట్టిన ఆ తాత్కాలిక ఏర్పాటును తర్వాత శాశ్వతం చేశారు. నాలుగనే అంకె మాత్రం 1990ల దాకా కదల్లేదు. (తెల్లవాళ్ళకు రహస్య ఓటింగు 1870లో వస్తే, మావోరీ సీట్లలో 1938 దాకా ఓటరు అధికారి ముందు నోటితో చెప్పాల్సి వచ్చేది.)

రెండో కారణం మావోరీ భూమి ఎవరిదో తేల్చే నేటివ్ లాండ్ కోర్టు. 1865 చట్టం ప్రకారం ఒక భూఖండం పట్టాలో పది పేర్లకు మించి రాయనిచ్చేవారు కాదు. ఆ పదిమంది తమ వంశం తరఫున ధర్మకర్తలమనే అనుకున్నారు. చట్టం మాత్రం వాళ్ళను పూర్తి యజమానులుగా చూసింది. వాళ్ళు అమ్మితే మిగతా వందలమందికి అడిగే హక్కే ఉండదు. దానికి తోడు సర్వే ఖర్చు భూమి మీదే పడేది. కోర్టు ఊరికి దూరంగా పట్నంలో కూర్చునేది, వారాల తరబడి అక్కడే మకాం, దుకాణంలో అప్పు, ఆ అప్పు కింద మళ్ళీ భూమి. పోనీ తీర్పు మీద పైకోర్టుకు పోదామంటే అలాంటి అప్పీలు కోర్టు 1894 దాకా లేనే లేదు. తక్కువ గడువులో పునర్విచారణ కోరాలి. గడువు దాటినా, కోరితే తోసిపుచ్చినా, మిగిలింది పార్లమెంటే. కాబట్టి ఆ కాలపు అర్జీల్లో చాలా వాటిని రాజకీయ విన్నపాలుగా కాక అప్పీళ్ళుగా చదవాలి. వంశావళి, సరిహద్దు వాగులు, ఎవరు ఎక్కడ సాగు చేశారు, ఎవరి పూర్వీకులు ఎక్కడ సమాధి అయ్యారు అన్నవన్నీ అందుకే వాటిలో కిక్కిరిసి ఉంటాయి.

అర్జీకి ఒక కట్టు ఉండేది. పైన సభకు మర్యాదపూర్వక సంబోధన, తర్వాత జరిగిన సంగతులు, చివర ఫలానాది చేయమనే స్పష్టమైన ప్రార్థన, కింద సంతకాలు. దాన్ని సభలో ఒక సభ్యుడు సమర్పించాలి. 1872 నుంచి ఇవి మావోరీ వ్యవహారాల కమిటీకి వెళ్ళేవి. కమిటీ సాక్షులను పిలవగలదు. భూమిని తిరిగి ఇప్పించలేదు, మంత్రిని కట్టడి చేయలేదు. దాని నివేదికల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే జవాబులు రెండు. ఒకటి, సిఫార్సు చేయడానికేమీ లేదు. రెండోది, ప్రభుత్వ పరిశీలనకు పంపడమైనది. రెండోది వినడానికి గెలుపులా ఉంటుంది. పరిశీలించాల్సిన మంత్రి మావోరీ భూముల కొనుగోలు నడిపించిన ప్రభుత్వంలోని మనిషే అని గుర్తుంచుకుంటే ఆ గెలుపు ఎంతటిదో తెలుస్తుంది.

ఇంత చెప్పాక, అర్జీదారుల చేతిలో కాస్త బలం కూడా ఉన్న సందర్భం ఒకటుంది: రోహె పోతాయె అనే ప్రాంతం నుంచి 1883 జూన్‌లో వచ్చిన అర్జీ. మనియపోతో, రౌకావా, తూఫారెతోవా, వంగనుయి తెగల తరఫున నాలుగు వందలకు పైగా సంతకాలు, ముందు వరసలో వహానుయి, రేవి మనియపోతో లాంటి పెద్దలు. ఉత్తర దీవి నడిబొడ్డున ఉన్న ఆ ప్రాంతం గుండా పోతే తప్ప ఆక్లాండ్–వెల్లింగ్టన్ రైలుమార్గం పూర్తికాదు. అది ప్రభుత్వ అవసరం. అర్జీ అడిగింది చాలా కొలిచి అడిగింది: మా బయటి సరిహద్దు, ఏ వంశానికి ఎంత అన్నది మేమే తేల్చుకుంటాం, దాన్ని పార్లమెంటు చట్టబద్ధం చేయాలి, అమ్మకం ఎప్పటికీ కుదరకూడదు, కౌలు మాత్రం బహిరంగ వేలంలో, కోర్టు మా జోలికి రాకూడదు. జవాబుగా అదే ఏడాది నేటివ్ (మావోరీ) కమిటీల చట్టం వచ్చింది. ఆ కమిటీలకు సలహా ఇచ్చే అధికారమే తప్ప తేల్చే అధికారం లేదు. తేల్చేది మళ్ళీ కోర్టే. 1885 ఏప్రిల్‌లో పునియు నది దగ్గర రైలుమార్గానికి వహానుయి, ప్రధాని రాబర్ట్ స్టౌట్ కలిసి మట్టి తవ్వారు. 1886లో ఆ ప్రాంతంలోనే, ఓటొరొహంగాలో కోర్టు కూర్చుంది. అర్జీలో వద్దన్నది సరిగ్గా అదే. నా దృష్టిలో అక్కడి పెద్దల లెక్క తప్పు కాదు, రైలు దారి ఇచ్చి స్వపాలన పుచ్చుకోవాలనుకున్నారు. కానీ వాళ్ళు ఇచ్చింది నేల మీద రైలు పట్టాలైంది, వాళ్ళకు వచ్చింది నోటిమాట.

వెల్లింగ్టన్‌లో కాకపోతే లండన్‌లో అనుకున్నవాళ్ళూ ఉన్నారు. 1882లో న్గాపుహి తెగ తరఫున హిరిని తైవంగ బృందం వెళ్ళింది, రాణి దర్శనం దొరకలేదు. 1884లో మావోరీ రాజు తాఫియావో స్వయంగా వెళ్ళాడు. తిరుగుబాటు చేశారంటూ భూములు లాక్కునే 1863 చట్టం కింద వైకాటో ప్రాంతంలో జప్తు చేసిన సుమారు 12 లక్షల ఎకరాల మీద విచారణ, మావోరీలకు సొంత పార్లమెంటు ఆయన కోరికలు. రెండోది గొంతెమ్మ కోరికేమీ కాదు. మావోరీ ఆచారాలే చట్టంగా ఉండే జిల్లాలను ప్రకటించవచ్చని 1852 చట్టం 71వ సెక్షన్‌లోనే ఉంది, ఎవరూ ప్రకటించలేదంతే. వలస వ్యవహారాల మంత్రి లార్డ్ డెర్బీ కలిశాడు, రాణి దగ్గరికి పంపలేదు, అర్జీని న్యూజిలాండ్ ప్రభుత్వానికే తిప్పి పంపాడు. 1885లో స్టౌట్ జవాబిచ్చాడు: 1865 తర్వాత ఒప్పందాన్ని ఎక్కడా ఉల్లంఘించలేదు, అంతకు ముందుది లండన్ బాధ్యత. జప్తు చట్టాన్ని చేసింది న్యూజిలాండ్ పార్లమెంటే అన్న సంగతి ఆ తర్కంలో జారిపోయింది.

ఆలస్యమే ఆయుధమైన సందర్భమూ ఉంది. వైటాంగి ఒప్పందాన్ని చట్టంలో చేర్చమని 30 వేలకు పైగా సంతకాలతో రాతానా అనే మావోరీ మత, రాజకీయ ఉద్యమం చేసిన అర్జీని 1932లో మావోరీ సభ్యుడు ఎరువెరా తిరికాతెనె సభలో పెట్టాడు. కమిటీ నివేదిక 1945లో వచ్చింది. ఒప్పందం ప్రతులను బడుల్లో వేలాడదీయాలన్నది దాని సిఫార్సు.

ఇవన్నీ చదవాలనుకునేవారికి: పార్లమెంటు అనుబంధ పత్రాలు పేపర్స్ పాస్ట్ వెబ్‌సైట్లో ఉచితంగా ఉన్నాయి. ‘జె’ వరుసలో అర్జీలు, ‘ఐ’ వరుసలో కమిటీ నివేదికలు వెతకండి. రోహె పోతాయె అర్జీ 1883 సంపుటంలో జె-1. నివేదికలో కమిటీ చెప్పిన ఒక్క వాక్యం చూసి ఆగిపోవద్దు, అదే భూఖండం పేరును తర్వాతి సంవత్సరాల్లోనూ వెతకండి. ఇంగ్లీషు అనువాదం తడబడినచోట మావోరీ మూలం కూడా అచ్చయి ఉంటే పక్కన పెట్టుకోండి. ఒప్పంద ఉల్లంఘనలను 1840 నుంచీ విచారించే అధికారం వైటాంగి ట్రిబ్యునల్‌కు 1985లో వచ్చాక, ఆ పాత అర్జీలే దాని ముందు సాక్ష్యాలయ్యాయి. ట్రిబ్యునల్ నివేదికలను, ఈ మూలాలను కలిపి చదివితే ఏ అర్జీ ఏ బల్ల దగ్గర ఆగిందో చాలావరకు దొరుకుతుంది.