మిలేతు రేవులో

అపొస్తలుడైన పౌలు ఎఫెసు క్రైస్తవ సంఘపు పెద్దలకు వీడ్కోలు చెప్పిన చోటు చూడాలని టర్కీకి బయలుదేరిన మాకు మిలేతులో సముద్రమే కనబడలేదు. మియాండర్ నది శతాబ్దాలుగా తెచ్చి పోసిన ఒండ్రుతో రేవు పూడిపోయి, తీరం కిలోమీటర్ల కొద్దీ పడమటికి జరిగిపోయింది. ఒకప్పుడు ఓడలు వచ్చిపోయిన మైదానంలో అక్టోబరు ఎండకు ప్రత్తి పగిలి తెల్లగా ఉంది. గుంటూరు జిల్లావాణ్ణి కాబట్టి నా చూపు ముందు ప్రత్తి మీదికే పోయిందని ఒప్పుకోవాలి. రేవు వాకిట కాపలాగా నిలిపిన పాలరాతి సింహం ఒకటి సగం మట్టిలో కూరుకుపోయి ఉంది. దాని పక్కనే కూర్చొని బైబిలులో అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం తెరిచాను.

పెంతెకొస్తు పండుగ నాటికి యెరూషలేము చేరాలన్న తొందరలో పౌలు ఎఫెసులో దిగకుండా ఇక్కడికి వచ్చి, పెద్దలకు కబురు పంపాడు. క్రూరమైన తోడేళ్లు మందలో ప్రవేశిస్తాయన్న ఆయన మాట చిన్నప్పటినుండి ప్రసంగాలలో విన్నదే. ఆ తోడేళ్లంటే అవతలి సంఘం వాళ్లేననుకోవడం మాకు తెలియకుండానే అలవాటైపోయింది. అయితే తరువాతి వచనంలో ‘మీలోనే’ అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. శిష్యులను తమ వెంట ఈడ్చుకొని పోవడానికి వంకర మాటలు పలికేవారు ఎక్కడినుండో రారు, తనను సాగనంపడానికి అంత దూరం వచ్చిన ఆ పెద్దల నడుమనుండే బయలుదేరుతారని ఆయన వాళ్ల ముఖాన్నే చెప్పాడు.

అలాగే జరిగిందని కొత్త నిబంధనలోని పత్రికలు, అంటే సంఘాలకూ సేవకులకూ రాసిన ఉత్తరాలు, చూపిస్తాయి. భిన్నమైన బోధ చేయవద్దని కొందరికి ఆజ్ఞాపించడానికి పౌలు శిష్యుడైన తిమోతి ఎఫెసులో నిలిచిపోవలసి వచ్చింది. మృతుల పునరుత్థానం ఇప్పటికే జరిగిపోయిందని చెప్పిన హుమెనైయు, ఫిలేతు అనేవారు కొందరి విశ్వాసాన్ని చెరిపారు. ప్రకటన గ్రంథంలో అదే ఎఫెసు సంఘం, అపొస్తలులమని చెప్పుకొనేవారిని పరీక్షించి అబద్ధికులని కనుగొన్నందుకు మెప్పు పొందింది. ఆ మెప్పు వెంబడే, మొదటి ప్రేమను వదిలావన్న గద్దింపు కూడా ఉంది. ముందురోజు ఎఫెసు శిథిలాలలో నడుస్తున్నప్పుడు ఈ రెండింటినీ కలిపి ఆలోచించలేదు.

నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచింది మాత్రం 33, 34 వచనాలు. ఎవరి వెండినీ, బంగారాన్నీ, వస్త్రాలనూ ఆశించలేదని, తన అవసరాలకూ తనతో ఉన్నవారి అవసరాలకూ ఈ చేతులే కష్టపడ్డాయని పౌలు చెప్పాడు. సిద్ధాంతంలోని తప్పు పట్టుకోవడానికి చదువు కావాలి గాని, ఈ గుర్తు నిరక్షరాస్యులకూ అందుతుంది. అబద్ధ బోధకులు లోభంతో కల్పనావాక్యాలు చెప్పి లాభం సంపాదించుకొంటారని పేతురు రెండవ పత్రిక కూడా హెచ్చరిస్తుంది. ఇన్ని చదివి కూడా, కొన్నేళ్ల క్రితం మా ఊరి సభలకు వచ్చిన ఒక బోధకుడు ప్రార్థించి ఇచ్చే నూనె సీసా కోసం నెల జీతం కానుకగా ఇచ్చినవాణ్ణి నేను.

బస్సు దగ్గరికి రమ్మని గైడు పిలుస్తుండగా, మా బృందంలోని పెద్దాయన వచ్చి నా పక్కన నిలబడ్డారు.

“బ్రదర్, ఆ ‘మీలోనే’ అన్న వచనం ఇంకొకసారి చదవండి” అన్నారు.

చదివాను. ముప్ఫై ఏళ్లుగా మా సంఘంలో పెద్దగా ఉన్న ఆయన, టోపీ తీసి చేత పట్టుకొని, తలవంచుకొని విన్నారు.