గట్టు పక్కన వానపాముల మట్టి

రాత్రంతా వాన. పొద్దున్నే పెదనాయన ఫోన్ చేసి "కయ్య కాడికి రారా, ఒకటి చూపిస్తా" అన్నాడు. కోట ఊరి పక్క మా కయ్యలు చాలా ఏళ్ళు రొయ్యల గుంటలకి లీజులో ఉండేవి, ఇప్పుడు పూడ్చి మళ్ళీ సేద్యంలోకి తెచ్చుకుంటున్నాం.

గట్టు వెంబడి కుప్పలు కుప్పలుగా సన్న మట్టి గుళికలు. వానపాములవి! ఎంత సంతోషమేసిందో. గుంటలు పూడ్చిన కొత్తలో ఇక్కడ పార దిగేది కాదు, బుల్‌డోజర్ తొక్కి గట్టిపడిన బంకమన్ను, పైన తెల్లగా ఉప్పు. వానపాము చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది, ఒళ్ళు ఎప్పుడూ తడిగా ఉండాలి, ఉప్పు మట్టి ఆ తడినే లాగేస్తుంది. జిప్సం వేసి, మంచినీళ్ళు కట్టి బయటికి వదిలేసి, పచ్చిరొట్టకి జీలుగ చల్లి పూతకొచ్చాక కలియదున్నాం, అప్పుడుగానీ గట్టులో ఉన్నవి లోపలికి దిగలేదు.

పారతో పెళ్ళలు తీసి చూశాం. గట్టు వైపుది చేతిలో పొడిపొడిగా విడిపోయింది, పల్లం వైపుది ఇంకా ముద్దే. నీళ్ళూ అంతే, ఇటు ఇంకిపోయాయి, అటు నిలబడి ఉన్నాయి. మట్టినీ కుళ్ళిన ఆకునీ కలిపి మింగి వానపాము వదిలిన గుళికలో జిగురుంటుంది, ఆరాక వానకి తొందరగా కరగదు, చుట్టూ మట్టిలో కంటే మొక్కకి అందే నత్రజని, భాస్వరం అందులో ఎక్కువ. దాని బొరియల్లోంచే నీళ్ళు, గాలి, వేర్లు కిందికి పోతాయి.

పక్క కయ్య ఆయన వచ్చి "వర్మీకంపోస్టు పాములు కొని చల్లన్నా, తొందరగా అవుద్ది" అన్నాడు. వద్దని గట్టిగా చెప్పాను. తొట్లలో పెంచే ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే రకాల వానపాములు పైపైన పేడలో, చెత్తలో బతికేవి, నేలని లోతుగా తవ్వవు. కావాల్సింది మన మట్టిలో ఉండే లాంపిటో మారిటి లాంటివి. వాటికి తిండీ తడీ ఉండి, ఊరికే దున్నకుండా ఉంటే అవే వస్తాయి, నెమ్మదిగా.

పెదనాయనకి మాత్రం ఈ ఏడే మొత్తం వరి నాటాలని. నీళ్ళు నిలిస్తే మిగిలిన ఉప్పు కూడా దిగిపోతుందంటాడు, అదీ నిజమే. కానీ అన్నాళ్ళు నీళ్ళు నిలిస్తే గాలందక పాములు మళ్ళీ గట్టెక్కేస్తాయి కదా. అన్నాల దగ్గర కూడా ఇదే వాదన. చివరికి పల్లం వైపు వరి, గట్టు వైపు వానలు తగ్గాక మినుము అని ఒప్పుకున్నాడు. పశువుల పెంట ఒక ట్రాక్టర్ చెప్పాం, ఎల్లుండి తోలతారంట.