దిగులు వచ్చిన సాయంత్రాలు, మందు మానిన రోజులు

నేను తాగి మానేసిన ఆడమనిషిని. ఉండేది విజయవాడలో. సంబరంలో నాకు ఏనాడూ తాగాలనిపించలేదు. మనసు బాగోలేనప్పుడే, ఒక్కదాన్నే, తలుపు వేసుకుని తాగేదాన్ని. మగవాళ్లనూ కోపం, అవమానం, అప్పులు తాగిస్తాయి. అయితే వాళ్లకు స్నేహితులు, జీతం రోజు, పెళ్లి బరాతు కూడా సాకులే. ఆడవాళ్లలో చాలామందికి ముందు దిగులో ఆందోళనో ఉంటుంది, తాగుడు దాని వెనక వస్తుంది. మగవాళ్లలో తరచుగా తాగుడే ముందు, దిగులు తర్వాత. అందరికీ ఇలాగే ఉండదు గానీ డాక్టర్ దగ్గరకు వెళ్లేముందు ఏది ముందు మొదలైందో గుర్తు చేసుకుని వెళ్లండి. వైద్యం దాన్నిబట్టి మారుతుంది.

క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. 42.8 శాతం మందైతే అందులో అసలు ఆల్కహాల్ 60 గ్రాముల పైచిలుకు. ఒకే బరువున్న మగమనిషి, ఆడమనిషి సమానంగా తాగినా ఆడమనిషి రక్తంలోనే ఎక్కువ నిలుస్తుంది, ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి. లివర్ కూడా తొందరగా దెబ్బతింటుంది.

రోజూ తాగేవాళ్లు ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా మానెయ్యకూడదు. ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను. ఆఖరి పెగ్గు పడిన ఆరు నుంచి ఎనిమిది గంటల్లో చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు లేనివి కనబడటం, ఎక్కడున్నామో తెలియకపోవడం వస్తే ప్రాణానికే ముప్పు. ఆసుపత్రిలో వణుకును, ఫిట్స్‌ను అణిచే క్లోర్‌డయాజెపాక్సైడో లోరాజెపామో ఇచ్చి, మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ వస్తారు. లివర్ పాడైనవాళ్లకు లోరాజెపామ్ మేలు. థయమిన్, అంటే బీ1 విటమిన్ ఇంజెక్షన్, గ్లూకోజ్ సెలైన్ కంటే ముందు పడాలి. పక్కనున్నవాళ్లు నర్సమ్మను అడిగి తెలుసుకోవాలి. బీ1 లోపం ఉన్న ఒంటికి ముందే గ్లూకోజ్ ఎక్కితే మెదడు దెబ్బతినవచ్చు.

వణుకు వారంలో తగ్గుతుంది. అసలు కష్టం ఆ తర్వాత మిగిలే దిగులు. మందు కాసేపు మెదడును మత్తులో ఉంచుతుంది, దిగిపోగానే మెదడు రెండో వైపుకు లాగుతుంది. తెల్లవారుజామున మూడింటికి గుండె దడతో మెలకువ రావడం అందుకే. ఆ దడ తగ్గాలని మళ్లీ తాగితే మర్నాటి దిగులు ఇంకాస్త పెరుగుతుంది. మానిన రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందికి ఇది దానంతటదే తేలికపడుతుంది. అప్పటికీ తగ్గకపోతే అది విడిగా ఉన్న డిప్రెషన్ కావచ్చు, దానికి వేరే వైద్యం కావాలి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం వారాలు లెక్కపెట్టకుండా ఆ రోజే డాక్టర్‌ని కలవాలి.

నాకు బాగా పనికొచ్చింది చిన్న నోటుబుక్. తాగాలనిపించగానే టైము, అప్పటి మనసు, పదికి ఎంత బలంగా ఉందో రాయాలి. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంటుంది: ‘సా. 6:40. మధ్యాహ్నం తినలేదు. అత్తయ్య మాట. ఏడుపు. 8.’ ఇలాంటివి నాలుగైదు పేజీలయ్యేసరికి దారి కనబడుతుంది. ఆకలి, కోపం, ఒంటరితనం, నిద్రలేమి, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి దాదాపు ప్రతి పేజీలోనూ ఉంటుంది. నెలసరికి ముందు రోజులు కూడా గుర్తు పెట్టుకోండి. కోరిక సాధారణంగా అరగంటలోపే ఎక్కి దిగుతుంది. ఆ అరగంటలో మొదట పెరుగన్నం తినండి, తర్వాత ఇల్లు దాటి నడవండి, నడుస్తూనే ఎవరికైనా ఫోన్ చెయ్యండి. ఎవరూ లేకపోతే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కు చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు.

కోరిక తగ్గడానికి డాక్టర్లు నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ రాస్తారు. నాల్ట్రెక్సోన్‌కు ముందు లివర్ పరీక్ష చేయించాలి. డైసల్ఫిరామ్ వేరు. అది వేసుకున్నవాళ్లు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. చివరి చుక్క తాగి కనీసం 12 గంటలైనా గడవకుండా మొదలుపెట్టకూడదు. ఆపేశాక కూడా రెండు వారాల వరకు దాని ప్రభావం ఉండవచ్చు. ఆల్కహాల్ కలిసిన దగ్గుమందులూ పడవు. మనిషికి చెప్పకుండా కూరలో, మజ్జిగలో దీన్ని కలిపే ఇళ్లున్నాయి. దయచేసి ఆ పని చెయ్యకండి. తెలియక తాగిన మనిషికి గుండె ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది.