సేటు దుకాణం ఫోను

నా చిన్నప్పుడు మా ఊరు మొత్తానికి ఒకటే ఫోను, అదీ సేటు దుకాణంలో. నారాయణపేట దగ్గర ఊరు మాది. అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా, 2019లో నారాయణపేటే వేరే జిల్లా అయింది. చాలా ఇళ్లలో మగవాళ్లు గుంపు మేస్త్రీ వెంట బొంబాయి పోయినవాళ్లే, మా నాయినతో సహా. వాళ్లు ఫోన్ చేస్తే ఆ ఇంటికి ఉరికి చెప్పే పని నాది. పిలుపుకొక చాక్లెట్.

అవతల బూత్‌లో మీటర్ తిరుగుతుంటుంది. నేను మనిషిని తోలుకొచ్చేదాకా లైన్ పట్టుకుంటే కూలి డబ్బులన్నీ దానికే సరి. అందుకే సేటు పేరు రాసుకుని, "పిలిపిస్త, పది నిమిషాలాగి చెయ్యి" అని పెట్టేసేవాడు. మనిషి ఇంట్లో లేకపోతే ఎవరికైనా ఒకటే మాట: "చేనుకు పోయిండ్రు, రాత్రికి చెయ్యి."

2011లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి న్యూజెర్సీ వచ్చాను. క్లయింట్ దగ్గర వాడేది గూగుల్ వెబ్ టూల్‌కిట్. మనం జావా భాషలో రాస్తే, బ్రౌజర్‌కి అర్థమయ్యే జావాస్క్రిప్ట్‌గా మార్చి ఇస్తుంది. మొదటి వారమే బోల్తా పడ్డాను. సర్వర్‌ని జాబితా అడిగి, కింది లైన్లోనే దాన్ని లెక్కపెట్టబోయాను. చూస్తే నల్, అంటే అందులో ఏమీ లేదు. పూటంతా తల బద్దలు కొట్టుకున్నాక మా లీడ్, గుంటూరు ఆయన, వచ్చి చూసి నవ్వాడు. "జవాబు ఇంకా రాలేదయ్యా. వచ్చాక ఏం చెయ్యాలో రాసిచ్చి నువ్వు పక్కకు జరుగు." పేజీలో మన కోడ్ నడిచేది ఒకే దారం (థ్రెడ్) మీద. అది జవాబు కోసం ఆగితే బటన్ నొక్కినా పలకదు, స్క్రీన్ బిగుసుకుపోతుంది. ఆ రాసిచ్చేదే కాల్‌బ్యాక్. అందులో రెండు గదులు: జవాబు వస్తే ఆన్‌సక్సెస్, రాకపోతే ఆన్‌ఫెయిల్యూర్. ఇదంతా నాకు పదేళ్లప్పుడే తెలుసు కదా అనిపించి సిగ్గేసింది.

అప్లికేషన్‌లో నలభై దాకా స్క్రీన్లు. సర్వర్‌కి చేసే ప్రతి కాల్‌కీ ఎవరికి వారు ఈ రెండు గదులూ రాసుకున్నారు. ఆన్‌సక్సెస్ అందరూ శ్రద్ధగానే రాశారు. ఆన్‌ఫెయిల్యూర్ దగ్గరే తలో దారి. ఒకచోట అలర్ట్, ఒకచోట లాగ్, చాలాచోట్ల ఖాళీ బ్రాకెట్లు. ఒకరోజు క్లయింట్ ఆఫీసులో ఒకావిడ పొద్దంతా ఎంట్రీలు కొట్టి సేవ్ నొక్కింది. సెషన్, అంటే ఆవిడ లాగిన్ గడువు, ఎప్పుడో అయిపోయింది. ఆ స్క్రీన్ ఆన్‌ఫెయిల్యూర్ ఖాళీ. ఏ మెసేజీ రాలేదు కాబట్టి సేవ్ అయిందనుకుని ఇంటికెళ్లిపోయింది. మర్నాడు మా టీమ్‌కి పడ్డ తిట్లు ఇక్కడ రాయను. ఆ స్క్రీన్ రాసింది నేనే. కొత్త వీసా మీద ఉన్నవాడికి అలాంటి మెయిల్ వస్తే ఎంత టెన్షనో ఆ పరిస్థితిలో ఉన్నవాళ్లకే తెలుసు.

ఆ వారాంతం కూర్చుని అందరూ తమ కాల్‌బ్యాక్‌లు దీని మీదే కట్టుకునేలా ఒక బేస్ క్లాస్ రాశాను. సేటు పద్ధతే. ఫోన్లో మాట్లాడుకునేది ఏ ఇంటిది ఆ ఇంటికి వేరు, దొరక్కపోతే చెప్పేది మాత్రం అందరికీ ఒకటే. ఆన్‌ఫెయిల్యూర్ నేనే రాసి, ఎవరూ మార్చకుండా తాళం వేశాను. సెషన్ పోతే లాగిన్‌కి, సర్వర్‌లో కొత్త వెర్షన్ పెట్టి ఇటు పాతదే తెరిచి ఉంటే పేజీ రీలోడ్ చేయమని, మిగతావాటికి ఒక మర్యాదైన మెసేజ్. వచ్చే జవాబు ఏ రకమో ఏ రకమైనా పట్టే జెనరిక్ టైప్‌కి వదిలేశాను, జాబితా కావచ్చు, ఒక్క అంకె కావచ్చు. ఆన్‌సక్సెస్ ఆ స్క్రీన్ వాళ్లే రాసుకోవాలి, రాయకపోతే కంపైల్ కాదు, అంటే ప్రోగ్రామే తయారవదు.

తిరుగుతుండే ఆ లోడింగ్ చక్రం దగ్గర ఇంకో తప్పు చేశాను. కాల్ నడుస్తూ ఉందా లేదా అని ఒక జెండా (ట్రూ, ఫాల్స్ గుర్తు) పెట్టాను. రెండు కాల్స్ ఒకేసారి వెళ్తే, మొదటిది రాగానే చక్రం మాయమయ్యేది, రెండోది ఇంకా దారిలోనే ఉండేది. జెండా తీసేసి దాని చోట ఒక కౌంటర్ పెట్టాను. కాల్ వెళ్తే ఒకటి కలుపు, గెలిచినా ఓడినా ఒకటి తీసెయ్, సున్నా అయితేనే చక్రం ఆపు.

మెచ్చుకోలు దొరికేసరికి నాకు కొమ్ములొచ్చాయి. మెసేజ్ వద్దా, చక్రం వద్దా, మళ్లీ ప్రయత్నించాలా అని ఆ క్లాస్‌కి ఆరు ట్రూ, ఫాల్స్‌లు తగిలించాను. వాడేవాడికి ఏది ఏదో అర్థం కాదు. లీడ్ ఐదు పీకేసి ఒక్కటి ఉంచాడు. అప్పుడు కోపమొచ్చింది కానీ, ఆయన చేసిందే కరెక్టు.

2015లో జావాస్క్రిప్ట్‌లోకి ప్రామిస్‌లు, 2017లో అసింక్, అవెయిట్ వచ్చాయి. వాటితో జవాబు వచ్చాక చేసే పనిని కూడా పైనుంచి కిందికి చదువుకునేలా రాసుకోవచ్చు. అయినా ఇప్పటి పిల్లలు సర్వర్‌ని అడగడానికి ఫెచ్ వాడి, సర్వర్ 500 (నా దగ్గర ఏదో చెడింది అనే కోడ్) ఇచ్చినా అది ఎర్రర్‌గా ఎగరదని తెలియక సక్సెస్ అనుకుంటారు. జవాబు ఓకేనా అని మనమే చూడాలి. అందుకని వాళ్లకూ ఫెచ్ చుట్టూ తొడుగులా ఒక ఫంక్షన్ రాసిచ్చాను. భాష మారినా సేటు మారలేదు.

మొన్న రాత్రి తొమ్మిదికి ఇంటికి ఫోన్ చేశాను. చలికాలం కదా, అక్కడ పొద్దున ఏడున్నర. అమ్మ ఎత్తలేదు. రెండుసార్లు చూసి పక్కింటికి చేస్తే వాళ్ల మనవడు ఎత్తాడు. చూసొస్తానని ఉరికిన చప్పుడు వినబడింది. లైన్ పట్టుకునే ఉన్నాను, ఇప్పుడు మీటర్ లేదుగా. రొప్పుకుంటూ వచ్చి చెప్పాడు.

"చేనుకు పోయింది కాకా. రాత్రికి చెయ్యి."