లైకెన్ల డీఎన్ఏ తీయడంలో నా అనుభవం

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి, పాడేరు కొండల్లో సేకరించిన పార్మోట్రిమా రెటిక్యులేటమ్ అనే లైకెన్ (శిలీంద్రం, అంటే ఫంగస్, శైవలం, అంటే ఆల్గా, కలిసి ఒకే జీవిలా పెరిగేది) నమూనాల మధ్య జన్యుభేదం ఎంత ఉందో చూడడం నా పరిశోధనలో మొదటి పని. మసాలాలో వేసే రాతిపువ్వుకు ఇది దగ్గరి చుట్టం. ఉష్ణమండలంలోనే కాక సమశీతోష్ణ దేశాల్లోనూ ఇదే పేరుతో నమోదై ఉంది. మధ్య, దక్షిణ అమెరికాల్లోని కోరా అనే లైకెన్‌ను చాలాకాలం ఒకే జాతిగా లెక్కించగా, 2014లో వెలువడిన డీఎన్ఏ అధ్యయనం అందులో 126 జాతులను గుర్తించి, మొత్తం 400కు పైగా ఉండవచ్చునని అంచనా వేసింది. అది చదివినప్పటి నుంచి, ఏ విస్తరణ పటం చూసినా అందులోని చుక్కలు జాతిని చూపుతున్నాయా, ఒట్టి పేరునా అన్న ప్రశ్న నన్ను వదలలేదు.

అటవీశాఖ అనుమతి వచ్చాక శీతాకాలంలో కొండలకు వెళ్లాను. కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్ల నుంచి లైకెన్‌ను పలుచని బెరడు ముక్కతో సహా కత్తితో తీసి, కాగితపు పొట్లాల్లో పెట్టి, చెట్టు పేరు, ఎత్తు, అక్షాంశ రేఖాంశాలు అక్కడికక్కడే రాశాను. ప్లాస్టిక్ సంచిలో పెడితే తేమకు బూజు పడుతుంది.

ప్రయోగశాలలో మొదట రసాయన పరీక్ష చేశాను. పై పొరను బ్లేడుతో గీకి, లోపలి తెల్లని పొర మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే అది పసుపు రంగుకు, ఆపై నెత్తుటి ఎరుపుకు తిరిగింది. అది సలాజినిక్ ఆమ్లం అనే లైకెన్ రసాయనానికి గుర్తు. నమూనాలన్నీ ఒకే రంగు చూపడంతో అవన్నీ ఒకటేనని దాదాపు నమ్మాను.

అసలు కష్టం ఆ తరువాత మొదలైంది. లైకెన్‌లో శిలీంద్రమూ శైవలమూ కలిసి బతుకుతాయి. కానీ నియమం ప్రకారం శాస్త్రీయ నామం శిలీంద్రానికే చెందుతుంది కాబట్టి, చదవవలసినది శిలీంద్రపు డీఎన్ఏ. అందుకు శిలీంద్రాల బార్‌కోడ్‌గా, అంటే జాతిని గుర్తుపట్టే డీఎన్ఏ గుర్తుగా, 2012లో ప్రతిపాదించిన ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగాన్ని ఎంచుకున్నాను. ఆ భాగానికి లెక్కలేనన్ని నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతిలో, మొదటి రెండు విడతల్లో జెల్ మీద ఒక్క బ్యాండూ (నకళ్లు తయారయ్యాయని చూపే గీత) కనిపించలేదు. డీఎన్ఏ సరిపోలేదనుకొని మోతాదు పెంచాను, ఫలితం మారలేదు. లైకెన్ ఆమ్లాలూ, జిగురు వంటి పాలీశాకరైడ్లూ డీఎన్ఏతో పాటే వచ్చి నకళ్లు తీసే ఎంజైమును అడ్డుకుంటాయని మా గైడ్ గారు చెప్పారు. ఎండిన ముక్కలను ముందుగా అసిటోన్‌లో నానబెట్టి ఆమ్లాలను తొలగించి, తీసిన డీఎన్ఏను పది రెట్లు పలుచన చేసి వేసినప్పుడే బ్యాండ్లు వచ్చాయి. ఆ అసిటోన్‌ను పారబోయకుండా లైకెన్ ఆమ్లాలను విడదీసి గుర్తించే పలుచని పొర క్రొమటోగ్రఫీకి వాడుకోవచ్చు. నమూనా కొద్దిగానే ఉన్నవారికి ఇది చాలా మేలు.

అంతటితోనూ తీరలేదు. సీక్వెన్సులు (డీఎన్ఏలోని అక్షరాల వరుసలు) చేతికి వచ్చి, వాటిని జెన్‌బ్యాంకు అనే అంతర్జాతీయ డీఎన్ఏ సమాచార నిధితో పోల్చగా, మూడు నమూనాలు క్లాడోస్పోరియం అనే మామూలు బూజుతో సరిపోలాయి. ఐటీఎస్ ప్రైమర్లు (పీసీఆర్‌లో నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు) శైవలాన్ని చాలావరకు వదిలేస్తాయి కానీ, లైకెన్ మీద పెరిగే ఇతర శిలీంద్రాలను వదలవు. నేను తలస్ (లైకెన్ శరీరం) మధ్యభాగం నుంచి, పాతబడి మచ్చలు పడిన చోట ముక్క తీసుకున్నాను. మళ్లీ సూక్ష్మదర్శిని కింద అంచుల్లోని లేత, శుభ్రమైన తమ్మెలను (ఆకుల్లాంటి భాగాలను) మాత్రమే కోసి, పని మొదటి నుంచి చేశాను. ఇందుకు ఆరు వారాలు పట్టింది. ఈ పని చేయబోయే వారెవరైనా ముక్క ఎంపికకే అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

చివరికి నమ్మదగిన సీక్వెన్సులు ఏడు నమూనాలకు వచ్చాయి. వంశవృక్షంలో అవి రెండు కొమ్మలుగా విడిపోయాయి. ఒకే తోటలో, పక్కపక్క చెట్ల మీద, ఒకే రంగు చూపిన రెండు నమూనాలు వేర్వేరు కొమ్మల్లో కనిపించినప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు. అయినా ఒక్క ఐటీఎస్ ఆధారంతో, ఇంత తక్కువ నమూనాలతో కొత్త జాతిని ప్రకటించడం తగదని నా అభిప్రాయం. మరికొన్ని జన్యువులను చదవాలి, ఇతర కొండల నమూనాలూ కావాలి. అందుకే హెర్బేరియంలో (ఎండిన నమూనాలను భద్రపరిచే చోట) పెట్టిన పొట్లాల మీద పాత పేరునే ‘విస్తృతార్థంలో’ అన్న మాటతో రాసి, ప్రతి సీక్వెన్సుకూ దాని పొట్లం సంఖ్యను జతచేశాను. వచ్చే శీతాకాలానికి అనంతగిరి కొండల అనుమతి కోసం దరఖాస్తు పెట్టాను.